బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందా?

ఎందుకు? ఎలా?

"నానొక్కణ్ణే ఎక్కితే బండి ఎగిరెగిరి పడతంది. జీడిపిక్కల బస్తా ఏస్తే వెనక్కి కూలబడిపోతంది. మెకానిక్కేమో షాకబ్జర్లు బిగించీసినానన్నాడు. బిగించినా ఇలగెందుకయిపోతంది?"

కోటబొమ్మాళి, టెక్కలి, పలాస... హైవే పక్కన ఏ బైకు షెడ్డు దగ్గర నిలబడినా వినిపించే ప్రశ్నే ఇది. ఇందులో ఒకదానికొకటి పొసగని రెండు ఫిర్యాదులున్నాయి. బరువు లేకపోతే ఎగరడం ఒకటి, బరువుంటే కూలబడడం ఇంకొకటి. రెండింటికీ కలిపి ఒకే మందు వేశారు, బిగించడం. ఒక జబ్బుకు పనికొచ్చే మందు రెండోదాన్ని పెంచుతుంది. జరిగింది అదే.

వెనక చక్రానికి అటొకటి ఇటొకటి నిలబడి ఉండేవాటిని మొత్తంగా షాకబ్జర్లు అనేస్తాం గానీ, ఒక్కోదానిలో రెండు వేరు వేరు వస్తువులున్నాయి. బయటికి కనిపించే తీగచుట్ట స్ప్రింగు. దాని నడుమ ఉండే గొట్టం డ్యాంపరు. దానిలో నూనె ఉంటుంది, ఒక రాడ్డు లోపలికీ బయటికీ ఆడుతుంది. బరువు మోసేది స్ప్రింగు. గతుకు తగిలినప్పుడు కుంగి ఆ దెబ్బను తనలో దాచుకునేదీ అదే. అయితే దాచుకున్నదాన్ని వెంటనే తిరిగి ఇచ్చేస్తుంది, అదీ దానితో ఇబ్బంది. డ్యాంపరు బరువు మోయదు. స్ప్రింగు తిరిగి ఇస్తున్నదాన్ని దారిలో పట్టుకుని వేడిగా మార్చేస్తుంది. కూలబడడం స్ప్రింగు సంగతి. ఆగకుండా ఊగడం డ్యాంపరు సంగతి. ఎగిరి పడడం మాత్రం ఇద్దరిలో ఎవరివల్లనైనా కావచ్చు, అందుకే అక్కడ తికమక.

మరి మెకానిక్కు బిగించింది దేన్ని?

షాకబ్జరు కింది భాగంలో స్ప్రింగు కూర్చునే ఒక గిన్నె ఉంటుంది. ఆ గిన్నె అంచు మెట్లుమెట్లుగా కోసి ఉంటుంది. 1994లో హీరో హోండా పేరుతో వచ్చి ఇప్పటికీ మన ఊళ్ళలో అడుగడుగునా కనిపించే స్ప్లెండర్‌కి ఇవి ఐదు మెట్లు. చాలా మామూలు బళ్ళకు కూడా ఐదే. టూల్‌కిట్టులో కొక్కెంలా వంగిన స్పానరు వస్తుంది, సీ స్పానరు అంటారు. దాంతో గిన్నెను తిప్పితే పై మెట్టు మీదికి ఎక్కుతుంది, స్ప్రింగు కాస్త నొక్కుకుంటుంది. దీన్నే ప్రీలోడ్ అంటారు. అంటే బరువు పడకముందే స్ప్రింగును కొంత నొక్కి ఉంచడం. మెకానిక్కు చేసింది ఇంతే. స్ప్రింగు గట్టిదనం మాత్రం ఆవగింజంత కూడా మారలేదు.

నమ్మడం కష్టం, కాబట్టి లెక్క చూద్దాం. సులువు కోసం గుండ్రని అంకెలు తీసుకుంటున్నాను. రెండు వైపులా స్ప్రింగులు కలిపి ప్రతి 20 కిలోలకు ఒక సెంటీమీటరు కుంగుతాయనుకోండి. షాకబ్జరు మొత్తం ఆడగలిగేది 8 సెంటీమీటర్లు. మొదటి మెట్టులో స్ప్రింగు ఒక సెంటీమీటరు ముందే నొక్కి ఉంటుంది, ఐదో మెట్టులో మూడు. మీరొక్కరే ఎక్కినప్పుడు వెనక స్ప్రింగుల మీద పడే బరువు 60 కిలోలు.

60 కిలోలకు స్ప్రింగు మూడు సెంటీమీటర్లు నొక్కుకోవాలి. మొదటి మెట్టులో ఒకటి ముందే అయిపోయింది కాబట్టి బండి కుంగేది రెండు. ఐదో మెట్టులో మూడూ ముందే అయిపోయాయి, బండి కుంగేది సున్నా. ఇప్పుడు వెనక 80 కిలోల బస్తా వేయండి. పలాస మార్కెట్టులో పిక్కలకు ధర చెప్పేది 80 కిలోల బస్తా లెక్కనే కాబట్టి ఆ అంకే తీసుకున్నాను. ఆ 80 కిలోలకు ఇంకో నాలుగు సెంటీమీటర్లు కుంగాలి. మొదటి మెట్టులో రెండు నుంచి ఆరుకు, ఐదో మెట్టులో సున్నా నుంచి నాలుగుకు. మెట్టు ఏదైనా బస్తా కుంగదీసింది ఆ నాలుగే. స్ప్రింగు గట్టిపడి ఉంటే ఐదో మెట్టులో ఆ నాలుగు తగ్గాలి కదా? తగ్గలేదు. మారింది బండి ఎత్తు ఒక్కటే. మొదటి మెట్టులో గతుకు కోసం రెండు సెంటీమీటర్లే మిగిలాయి. ఐదో మెట్టులో నాలుగు మిగిలాయి.

గట్టిపడకపోతే నడుముకు ఆ దెబ్బ ఏమిటి?

ఒంటరిగా ఐదో మెట్టులో వెళ్తున్న బండిని చూడండి. కుంగినది సున్నా, అంటే షాకబ్జరు పూర్తిగా సాగిపోయి ఉంది, చక్రం కిందికి దిగడానికి ఇక చోటు లేదు. గుంత వచ్చినప్పుడు చక్రం దానిలోకి దిగి నేలను పట్టుకోవాలి. దిగలేదు కాబట్టి గాలిలో వేలాడుతుంది, బండి మొత్తం దానితో పాటు పడుతుంది. గుంత అవతలి అంచు తగిలినప్పుడు ఇంకో ఇబ్బంది. ముందే 60 కిలోల ఒత్తిడితో నొక్కి ఉన్న స్ప్రింగు, ఆ ఒత్తిడిని మించిన దెబ్బ పడేదాకా కదలదు. చిన్న దెబ్బలన్నీ నేరుగా సీటుకు వచ్చేస్తాయి. మనకు గట్టిగా తోచేది ఇదే. బ్రేకు వేసినప్పుడు, వంపు తిరిగినప్పుడు నేలను వదిలిన చక్రం ఎందుకూ పనికిరాదు.

మొదటి మెట్టులోనే ఉంచి బస్తా వేసినా కష్టమే. మిగిలిన రెండు సెంటీమీటర్లు ఒక స్పీడ్ బ్రేకరుకే అయిపోతాయి, లోపలి రబ్బరు ఆపుకు షాకబ్జరు గుద్దుకుంటుంది. వెనక కుంగితే ముందు లేస్తుంది. ముందు చక్రం మీద బరువు తగ్గి హ్యాండిల్ తేలిపోతుంది. హెడ్‌లైటు ఎదుటివాడి కళ్ళలో కొడుతుంది. రాత్రిపూట 16వ నంబరు జాతీయ రహదారి మీద కళ్ళు మూసుకుపోయే ఆ వెలుగు అన్ని సార్లూ డిప్పు చేయనివాడి తప్పు కాదు. కొన్నిసార్లు వెనక మోత తప్పు.

స్ప్రింగు గట్టిదనం ఎక్కడుంటుంది మరి?

తీగ మందంలో, చుట్టు వెడల్పులో, చుట్ల సంఖ్యలో. ఎంత బరువు వేస్తే అంత నిష్పత్తిలో కుంగుతుందని చెప్పినవాడు ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ హుక్. ఇంకెవరూ తనకంటే ముందు చెప్పేయకుండా 1676లో ఆ సూత్రాన్ని అక్షరాలు తారుమారు చేసి అచ్చు వేయించాడు. విప్పి చెప్పింది 1678లో. పేటెంట్ల గోల ఇప్పటిది కాదన్నమాట.

తీగచుట్ట స్ప్రింగులో అన్నిటికంటే బలంగా పనిచేసేది తీగ మందం. గట్టిదనం మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. తీగ పదోవంతు లావైతే చాలు, స్ప్రింగు దాదాపు ఒకటిన్నర రెట్లు గట్టిదవుతుంది. చూపుకు ఒకేలా కనిపించే రెండు స్ప్రింగులు ఒకటి కాకపోవడం ఇందుకే. పాత సామాను కొట్టులో "ఇదీ అదే సైజు" అని ఇచ్చినది బిగించుకోకండి. చుట్లు తగ్గితే కూడా గట్టిదనం పెరుగుతుంది. బండి పొట్టిగా కనిపించాలని కుర్రాళ్ళు స్ప్రింగు ఒక చుట్టు కోయిస్తారు. ఎత్తూ పోయింది, మెత్తదనమూ పోయింది.

కొన్ని స్ప్రింగుల్లో ఒక చివర చుట్లు దగ్గరగా, మిగతా చోట ఎడంగా ఉంటాయి. బరువు పెరిగేకొద్దీ దగ్గరి చుట్లు ఒకదానికొకటి తాకి పనిమానేస్తాయి. ఇక పనిచేసేవి తక్కువ చుట్లు కాబట్టి స్ప్రింగు గట్టిపడుతుంది. ఒంటరికి మెత్తగా, ఇద్దరికి గట్టిగా ఉండాలనే ఆ ఏర్పాటు. బరువు పెరిగేకొద్దీ ఇది నిజంగానే గట్టిపడుతుంది, అదీ స్పానరు తిప్పినందుకు కాదు.

నా బండికి ఏ మెట్టు సరైనదో ఎలా తెలుస్తుంది?

టేపు, సుద్దముక్క, ఒక తోడు మనిషి ఉంటే చాలు. ముందు టైర్లలో గాలి చూడండి. బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు, కంపెనీ చెప్పినంత. టైరు కూడా ఒక స్ప్రింగే. దానిలో గాలి తప్పుంటే కింద చేసే పనంతా తప్పుతుంది. ఒంటరికి ఒక అంకె, ఇద్దరికి ఒక అంకె ఉంటాయి, బండి పుస్తకంలో చూసుకోండి.

బండిని డబుల్ స్టాండు వేయండి. వెనక చక్రం నేలకు తగలకుండా వేలాడాలి. ఇరుసు నట్టు మధ్య నుంచి నిట్టనిలువుగా పైన సీటు కింది భాగం మీద సుద్దతో ఒక గుర్తు పెట్టి, ఆ దూరం కొలిచి రాసుకోండి. ఇప్పుడు స్టాండు తీసి, మీరు రోజూ వెళ్ళే తీరులో కూర్చోండి. రోజూ డబ్బాలో సామాను ఉంటే అది కూడా ఉండాలి. తోడు మనిషి ముందు చక్రం దగ్గర బండిని నిలబెట్టి పట్టుకోవాలి. సీటు మీద ఒకసారి గట్టిగా కూలబడి, బండి దానంతటదే లేచి ఆగాక కొలిపించండి. తర్వాత వెనక భాగాన్ని కాస్త ఎత్తి మెల్లగా వదిలి మళ్ళీ కొలిపించండి. రాపిడి వల్ల రెండు అంకెలూ కొంచెం తేడాగా వస్తాయి, సగటు తీసుకోండి. మొదటి కొలత నుంచి ఈ సగటు తీసేస్తే వచ్చేది మీ బండి కుంగుడు.

వెనక చక్రం మొత్తం ఆటలో పావు నుంచి మూడో వంతు దాకా కుంగితే మంచిది. మన మామూలు బళ్ళలో ఆ ఆట సుమారు ఎనిమిది, పది సెంటీమీటర్లు. కాబట్టి రెండు నుంచి మూడు సెంటీమీటర్ల మధ్య కుంగుడు వస్తే ఆ మెట్టు మీది. తక్కువ వస్తే ఒక మెట్టు దించండి, ఎక్కువ వస్తే ఎక్కించండి. తిప్పేటప్పుడు బండి డబుల్ స్టాండు మీదే ఉండాలి, స్పానరు జారితే వేళ్ళు జాగ్రత్త. రెండు వైపులా ఒకే మెట్టు. ఒకవైపు మూడు, ఇంకోవైపు ఐదు పెట్టి తిరిగే బళ్ళు లేకపోలేదు, వెనక చక్రాన్ని పట్టిన చట్రం ఒకవైపు మెలిపడుతూ ఉంటుంది.

ఇద్దరు ఎక్కి అన్నిటికంటే పై మెట్టులో పెట్టాక కూడా సగం ఆట మించి కుంగిందంటే ఇక తిప్పడానికేమీ లేదు. ఆ బరువు ఆ స్ప్రింగుది కాదు. నన్నడిగితే 80 కిలోల బస్తా బైకుది కాదు, లగేజీ ఆటోది. చుట్ల మధ్యలో రబ్బరు ముక్కలు దూర్చడం చూస్తుంటాం. ముక్కలు పెట్టిన చుట్లు పనిచేయవు, కుంగుడంతా మిగతా చుట్ల మీదే పడి స్ప్రింగు అక్కడ విరగవచ్చు. ఇంకా లావు స్ప్రింగు వేయిస్తారా? అప్పుడు డ్యాంపరు సంగతి వస్తుంది.

డ్యాంపరు చేసే పనేమిటి, పోయిందని ఎలా తెలుసుకోవాలి?

చెరువులో దిగి చేతిని నీళ్ళలో మెల్లగా తిప్పితే అడ్డే తెలియదు, విసురుగా తిప్పితే నీళ్ళు చేతిని పట్టేస్తాయి. డ్యాంపరు లోపల జరిగేది అదే. రాడ్డు చివర ఉన్న పిస్టన్‌కు సన్నని రంధ్రాలుంటాయి, నూనె వాటిలోంచి దూరి వెళ్ళాలి. కదలిక వేగం పెరిగేకొద్దీ అడ్డు పెరుగుతుంది. స్ప్రింగుకు ఎంత కుంగింది అన్నదే లెక్క, డ్యాంపరుకు ఎంత జోరుగా కదిలింది అన్నదే లెక్క. అదే గుంత ఇరవై వేగంలో తెలియకుండా పోయి అరవైలో నడుము విరిచేది కొంత ఇందుకే.

కుంగేటప్పటి కంటే తిరిగి లేచేటప్పుడు అడ్డు ఎక్కువ ఉండేలా చేస్తారు. స్ప్రింగు దాచుకున్నదంతా విసిరేది అప్పుడే కనుక. ఖరీదైన బళ్ళలో ఈ రెండు అడ్డుల్నీ వేరువేరుగా మార్చుకునే మరలుంటాయి. మన బళ్ళలో ఉండవు, కంపెనీ ఆ స్ప్రింగుకు సరిపోయేలా లెక్కగట్టి మూసేస్తుంది. అందుకే స్ప్రింగు ఒక్కటీ లావుది వేస్తే పాత డ్యాంపరు దాన్ని పట్టలేదు. బస్తా ఉన్నప్పుడు బాగుందనిపిస్తుంది, బస్తా దింపి తిరిగి వస్తుంటే బండి గెంతుతుంది.

పరీక్ష సులువే. బండి పక్కన నిలబడి సీటు వెనక భాగాన్ని రెండు చేతులతో గట్టిగా నొక్కి వదిలేయండి. లేచి ఆగిపోతే డ్యాంపరు బతికుంది. లేచి, కుంగి, మళ్ళీ లేస్తే పోయింది. ఇంకో పరీక్ష చాలామందికి తెలియదు. గతుకుల దారిలో కొంత దూరం వెళ్ళొచ్చి రెండు డ్యాంపరు గొట్టాలనూ తాకి చూడండి, పక్కనున్న సైలెన్సరుకు చెయ్యి తగలనీయకండి. పనిచేసేది వెచ్చబడాలి, గతుకుల బలాన్ని వేడిగా మార్చడమే దాని పని. ఒకటి వెచ్చగా, ఇంకొకటి చల్లగా ఉంటే చల్లగా ఉన్నది ఏ పనీ చేయడం లేదు. మార్చేటప్పుడు రెండూ మార్చాలి.

నూనె గాలితో కలిసి నురగైతే అడ్డు తగ్గిపోతుంది. ఆ నురగ రాకుండా ఒత్తిడితో నైట్రోజన్ నింపినవే గ్యాసు షాకబ్జర్లు. పల్సర్ బళ్ళలో పక్కన చిన్న డబ్బాతో కనిపించే నైట్రాక్స్ ఆ కోవదే. వాటిని రిపేరు పేరుతో షెడ్డులో తొలవడం, వెల్డింగు పెట్టడం ప్రాణం మీదికి తెచ్చే పని. లోపల ఒత్తిడి ఉంది.

ముందు ఫోర్కుకు వేసిన కొత్త ఆయిల్ సీలు ఏడాది తిరక్కుండా ఎందుకు కారుతుంది?

మన తీరంలో దీనికి జవాబు నౌపడ దారిలోనే ఉంది. ఒకవైపు ఉప్పు మడులు, ఇంకోవైపు సముద్రపు గాలి. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టం మీద అద్దంలా మెరిసేది క్రోమియం పూత. ఉప్పు తేమ పడి ఆరి, పడి ఆరి, ఆ పూతలో సూదిమొనంత తుప్పు గుంటలు పడతాయి. ఫోర్కు ఆడిన ప్రతిసారీ ఆ గుంటల అంచులు రబ్బరు సీలును గీకుతాయి. ఉద్దానం కొబ్బరితోటల ఇసుక దారిలో వెళ్ళే బండికి నూనె తడికి అంటిన ఇసుక అదే పని చేస్తుంది. గీకే గొట్టాన్ని అలాగే ఉంచి సీళ్ళు మారుస్తూ పోతే నెల నెలా కారుతూనే ఉంటుంది. మెకానిక్కును తిట్టి లాభం లేదు.

గోరుతో గొట్టాన్ని పైనుంచి కిందికి రాసి చూడండి. గోరు ఎక్కడైనా పట్టుకుంటే గొట్టం మార్చాల్సిందే, లేదా పూత మళ్ళీ వేయించాలి. అంతదాకా రాకూడదనుకుంటే తీరం నుంచి ఇంటికి వచ్చాక ఒక తడిగుడ్డ, తర్వాత ఒక పొడిగుడ్డ చాలు. ఫోర్కుకు రబ్బరు తొడుగులు వేయించుకోవచ్చు, కానీ వాటిలోపల తడి చేరితే లేనిదానికంటే అన్యాయం, అప్పుడప్పుడు ఎత్తి తుడవాలి. కారిన నూనె కిందికి దిగి ముందు బ్రేకును చేరితే బ్రేకు పట్టదు. కాబట్టి ఇది వాయిదా వేసే రిపేరు కాదు.

లగేజీ ఆటోలకు, లారీలకూ ఇదే లెక్కా?

లెక్క ఇదే, సామాను వేరు. టాటా ఏస్ లాంటి చిన్న బళ్ళకూ, టెక్కలి గ్రానైటు మోసే లారీలకూ వెనక ఉండేవి కమాను కట్టలు. పట్టీల మీద పట్టీలు ఒకదానిమీద ఒకటి రాసుకుంటాయి, ఆ రాపిడే కొంత డ్యాంపరు పని చేస్తుంది. పాత లారీలు చాలావరకు వెనక షాకబ్జర్లే లేకుండా నడిచింది అందుకే. మోత కోసం అదనంగా ఒక పట్టీ వేయిస్తే ఇక్కడ నిజంగానే గట్టిపడుతుంది, ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు నిజంగానే ఎగురుతుంది కూడా.

"మా వాడు సియాచిన్‌లో ఉన్నాడు. మంచు మీద నడిచే స్కూటరుకు స్ప్రింగులుంటాయా?"

ఉంటాయి, మన బైకు కంటే ఎక్కువే ఉంటాయి. సియాచిన్‌లో మన సైన్యం స్నో స్కూటర్లు వాడుతుంది. గుల్మార్గ్, సోలాంగ్ వెళ్ళిన యాత్రికులు ఎక్కి ఫొటోలు దిగేవీ ఆ జాతివే. కెనడాలో బొంబార్డియర్ కంపెనీ 1959లో స్కీ డూ పేరుతో తెచ్చిన చిన్న బండితో ఇవి జనంలోకి వచ్చాయి. ముందు చక్రాల బదులు రెండు స్కీలు, ఒక్కోదానికి ఒక షాకబ్జరు. వెనక చక్రం బదులు రబ్బరు పట్టా, ఆ పట్టా లోపలే ముందొక చెయ్యి, వెనకొక చెయ్యి, వాటికి వేరే షాకబ్జర్లు. చాలా వాటిలో వెనక చేతికి మెలిపడి పనిచేసే స్ప్రింగులు, వాటి కాలు కింద మూడు ఎత్తులున్న చిన్న దిమ్మ. దాన్ని తిప్పితే ఎత్తు మారుతుంది. మన గిన్నెలో ఐదు మెట్లు, అక్కడ మూడు. పని ఒకటే, గట్టిదనం అక్కడా మారదు.

మన బైకులో లేనిది ఒకటుంది. లోపలి ముందు చేతిని అదుపు చేసే ఒక పట్టీ. అది పొట్టిగా కడితే బరువు స్కీల మీదికి వస్తుంది, హ్యాండిల్ మాట వింటుంది. వదులు చేస్తే యాక్సిలరేటరు ఇచ్చినప్పుడు బరువు పట్టా మీదికి పోయి స్కీలు లేస్తాయి, లోతు మంచులో తేలడానికి అది మంచిదే. అక్కడి చలికి డ్యాంపరు నూనె చిక్కబడి, బండి బయల్దేరిన కొంతసేపు కట్టెలా ఉంటుంది, ఆడి ఆడి వెచ్చబడ్డాకే మెత్తబడుతుంది. మన మే నెల ఎండలో జరిగేది దీనికి తిరగేసినది, నూనె పలచబడి ఊగుడు కాస్త పెరుగుతుంది. ఉదయం సరిగా ఉండి మధ్యాహ్నం బండి మెత్తబడితే వెంటనే షాకబ్జరు పోయిందని తీర్మానించకండి, చల్లబడ్డాక నొక్కి చూడండి.

మెట్టు మార్చడానికి పైసా ఖర్చు లేదు. స్పానరు బండితోనే వచ్చింది, పోగొట్టుకుని ఉంటే స్పేరు పార్టుల కొట్లో దొరుకుతుంది. కొత్తమ్మతల్లి జాతరకు ఇంటావిడనీ పిల్లనీ ఎక్కించుకుని వెళ్ళేముందు రెండు మెట్లు ఎక్కించండి, మర్నాడు ఒక్కరే పనికి బయల్దేరేముందు మళ్ళీ దించండి.